డెబ్బై గుర్తుల్లో సేద్యం

నల్లమలకూ ఎర్రమలకూ నడుమ, కుందూ వెంబడి పరుచుకున్న నల్లరేగడిలో వ్యవసాయ పరిశోధన కొత్త సంగతేమీ కాదు. నంద్యాల పరిశోధన కేంద్రం 1906లో మొదలైంది. నరసింహ పత్తి అక్కడిదే. సూర్యనంది కొర్ర అక్కడిదే. కోత యంత్రానికి అందేలా నిటారుగా పెరిగే ధీర శనగ, అంటే ఎన్‌బీఈజీ 47, అక్కడిదే. ఆళ్లగడ్డలో బస్సెక్కిన రైతు పొద్దెక్కకముందే ఆ కేంద్రం గేటు దగ్గర దిగొచ్చు. శాస్త్రం అంత దగ్గరలో ఉంది. ఫోను ఇంకా దగ్గర, చొక్కా జేబులోనే ఉంది. ఈ రెంటినీ కలపాల్సిన మూడోది రాత. దాని మీద మాత్రం ఎవరి చూపూ పడినట్టు లేదు. మందు ఎంత పోయాలి, విత్తనం ఎప్పుడు పడాలి, ఏది ముందు ఏది వెనక అన్న సాంకేతిక విషయాన్ని చేలో నిలబడ్డ మనిషి కోసం, అరచేతి తెర కోసం వేరుగా రాయాలన్న ఎరుక మన వ్యవసాయ వ్యవస్థకు ఇంకా రాలేదు. పుస్తకానికి రాసిందాన్నే ఫోనులోకి తోసి, సమాచారం అందించామని లెక్క రాసుకుంటున్నాం. ఈ వరస తిరగబడాలి. ముందు ఫోనుకు రాయాలి. పుస్తకం కావాలంటే ఆ రాతల్లోంచి కూర్చుకోవచ్చు.

ఇప్పుడు రైతు ఫోనుకు చేరుతున్న దాని రూపం చూడండి. వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పడుతుంది. ఏ4 కాగితం మీద టైపు చేసిన ప్రకటనను ఎవరో బల్ల మీద పెట్టి తీసిన ఫొటో అది. లేదంటే నాలుగు పేజీల పీడీఎఫ్. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు, మామూలు ఫోను తెర వెడల్పు సుమారు 7. కాగితం మొత్తం తెరలో పట్టాలంటే 12 పాయింట్ల అక్షరం 4 పాయింట్లకు దిగజారుతుంది. ఇది తెలుగుకు ఇంగ్లిష్‌కన్నా ఎక్కువ నష్టం. మన లిపిలో గుడి పైకి లేస్తుంది, వత్తు కిందికి వేలాడుతుంది. ఆ కొసలే అలుక్కుపోతే మిగిలేది గుండ్రటి చుక్కల వరస. వేళ్లతో సాగదీస్తే అక్షరం పెద్దదవుతుంది గానీ వాక్యం సగం తెర అవతలికి పోతుంది. నాలుగో వరుస చివర ఉన్న మోతాదు చదవడానికి తెరను కుడికీ ఎడమకీ జరుపుతూ ఉండాలి, అదీ ఎండలో, తడి చేతులతో. ఫొటోగా మారిన రాతను మామూలు ఫోను పైకి చదివి వినిపించదు. నెల తర్వాత వెతికినా అది దొరకదు. ఇదంతా ఉద్యోగుల బద్ధకం అనుకుంటే పొరపాటు. దశాబ్దాలుగా తెలుగు డీటీపీ ‘అను’ వంటి ఫాంట్ల మీద నడిచింది. వాటిలో కూర్చిన రాతను యూనికోడ్‌లోకి మార్చకుండా ఫోనులో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. మళ్లీ టైపు చేసే తీరిక ఎవరికీ ఉండదు, అందుకే ఫొటో తీసి పంపేస్తారు.

ఫొటో వద్దు, మామూలు మెసేజీ పంపుదామంటే ఇంకో ఇరుకు ఎదురవుతుంది. మెసేజీకి ఎంత పొడవు చాలో నిర్ణయించడానికి జర్మనీకి చెందిన ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ 1985లో టైపు మిషను ముందు కూర్చుని నోటికొచ్చిన వాక్యాలు, ప్రశ్నలు కొట్టి చూసి, దాదాపు అన్నీ 160 గుర్తులకు లోబడే ఉన్నాయని తేల్చాడు. ఆ 160 ప్రపంచమంతటికీ హద్దయింది, కానీ అది రోమన్ లిపి హద్దు. తెలుగులో పంపితే అదే మెసేజీలో 70 గుర్తులే పడతాయి. ఒకటికి మించి ముక్కలైతే ముక్కకు 67. పైగా గుర్తు అంటే అక్షరం కాదు. హల్లు ఒకటి, పొల్లు ఒకటి, గుణింతపు గుర్తు ఒకటి. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరమే, ఫోను లెక్కలో ఆరు. ‘రేపు వాన. ఈరోజు మందు కొట్టొద్దు.’ అన్న చిట్టి మాటకే 32 గుర్తులు ఖర్చవుతాయి. తెలుగుతో సహా పది భారతీయ భాషలను ఇంత ఇరుకు లేకుండా పంపే పట్టికలు అంతర్జాతీయ ప్రమాణాల్లోకి ఎప్పుడో చేరాయి. ఆచరణలో వాటిని వాడేవాళ్లు అరుదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞ’కు సంబంధించిన ఒక అక్షర కూర్పు ఐఫోన్లను కుప్పకూల్చి వార్తలకెక్కింది. లక్ష రూపాయల ఫోనును పడగొట్టగల లిపిని బటన్ ఫోనులో సక్రమంగా చూపించడం ఎంత కష్టమో అక్కడే తెలుస్తుంది. భారతీయ భాషలన్నీ ప్రతి ఫోనులో చదవగలిగేలా ఉండాలని 2016లో ఐఎస్ 16333 ప్రమాణం రావాల్సి వచ్చింది మరి.

70 గుర్తుల ఇరుకును చూసి ఇందులో శాస్త్రం పట్టదని చేతులెత్తేయొచ్చు. పడుతుందనడానికి సాక్ష్యం ఉమ్మడి కర్నూలు జిల్లాలోనే ఉంది. 2016 వానాకాలంలో దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి తెలుగులో మెసేజీలు పంపాయి. దాని వెనక ఉన్న సరంజామా చిన్నది కాదు. ఆ ప్రాంతపు 1986 నుంచి 2015 దాకా వాతావరణ వివరాలు, నేలలో పదును ఎంత నిలుస్తుందో చెప్పే సూచిక, ముందస్తు అంచనాలు, వాటన్నిటినీ మరపట్టే కంప్యూటర్లు. రైతు వైపు మాత్రం సెన్సరు లేదు, యాప్ లేదు, స్మార్ట్ ఫోను కూడా అక్కర్లేదు. మెసేజీ అందుకునే ఫోను ఉంటే చాలు. తొలకరి పడగానే గొర్రు కట్టడం అక్కడి అలవాటు. ఆ అలవాటుకు ఎదురుగా మెసేజీ వచ్చింది: ఇప్పుడే వద్దు, ఆగండి. జూన్ చివరి వారంలో మరొకటి: ఇక విత్తండి. తర్వాత పశువుల ఎరువు, విత్తన శుద్ధి, విత్తే లోతు వంటివి వేటి సమయానికి అవి వచ్చాయి. సగటు దిగుబడి 30 శాతం పెరిగిందని ఆ సంస్థలు ప్రకటించాయి. ఆ అంకెను నేనైతే కొంచెం దూరం నుంచే చూస్తాను. 175 మంది, ఒక్క కారు, లెక్క కట్టింది పంపినవాళ్లే. అయితే నా వాదనకు ఆ 30 శాతం అవసరం లేదు. ముప్పై ఏళ్ల వాన లెక్క అంతా కలిసి చివరికి రైతుకు చేరింది రెండు మూడు క్రియాపదాలుగా. ఆగండి, విత్తండి, ఇంత లోతులో వేయండి. అలా చేర్చడం సాధ్యమేనని దేవనకొండ చూపించింది. 2025 వానాకాలానికి ముందు 13 రాష్ట్రాల్లో సుమారు 3.8 కోట్ల మంది రైతులకు కేంద్ర ప్రభుత్వం కృత్రిమ మేధతో తయారైన రుతుపవనాల అంచనాను మెసేజీగా పంపడం ఆ తోవలో పడ్డ మరింత పెద్ద అడుగు.

ఫోను సలహాలన్నీ ఫలిస్తాయని మాత్రం అనలేం. మహారాష్ట్రలో వంద గ్రామాల్లో రాయిటర్స్ మార్కెట్ లైట్ అనే మెసేజీల సేవను మార్సెల్ ఫాఫ్‌షాంప్, బార్ట్ మింటెన్ అనే ఆర్థికవేత్తలు పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించారు. ధరలు, వాతావరణం, పంట సలహాలు అన్నీ అందినా రైతుకు దక్కిన ధరలో, పంట నష్టంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మరోవైపు నోబెల్ గ్రహీత మైకేల్ క్రీమర్, మరో ఇద్దరు కలిసి ఆఫ్రికా, భారత్‌లలో జరిగిన ఇలాంటి ప్రయోగాలను 2019లో క్రోడీకరించి చూస్తే దిగుబడి సగటున 4 శాతం పెరిగింది. సిఫారసు చేసినవి రైతు వాడే అవకాశం 22 శాతం పెరిగింది. ఈ 4 శాతాన్ని చూసి పెదవి విరిచేవాళ్లు మెసేజీ ఖర్చెంతో కూడా చూడాలి. సున్నాకూ నాలుగుకూ మధ్య తేడా ఎక్కడిదన్నది తేలిన విషయం కాదు. నా అంచనా మాత్రం ఇది. రైతు ఆ వారంలో తీసుకోవాల్సిన నిర్ణయానికి అతుక్కున్న సలహా పనిచేస్తుంది. ఎప్పుడైనా, ఎవరికైనా చెల్లే సలహా ఎవరికీ చెల్లదు. ‘సకాలంలో సస్యరక్షణ చర్యలు చేపట్టాలి’ అన్న వాక్యం ఏ సంవత్సరం, ఏ జిల్లాలో అచ్చేసినా తప్పు కాదు. దానితో రైతుకు పనీ లేదు.

సాంకేతిక రచనలో ఇదంతా ఇప్పుడు కనిపెట్టిందేమీ కాదు. ఐబీఎం పరిశోధన కేంద్రంలో జాన్ కారల్ 1980లలో కంప్యూటరు నేర్చుకునేవాళ్లను గమనించి, మందపాటి పుస్తకాన్ని ఎవరూ వరసగా చదవరనీ, పని మొదలుపెట్టేసి మధ్యలో ఇరుక్కున్నప్పుడే వెతుకుతారనీ గుర్తించాడు. బాగా కుదించిన, పనికి ముడిపడిన పుస్తకం ఇచ్చినవాళ్లే త్వరగా నేర్చుకున్నారు. తర్వాత ల్యూక్ రోబ్లెవ్‌స్కీ ‘మొబైల్ ఫస్ట్’ అంటూ 2011లో పుస్తకమే రాశాడు. చిన్న తెరకు ముందు రూపకల్పన చేస్తే ఏది ముఖ్యమో తేల్చుకోక తప్పదనీ, పెద్ద తెరకు చేసిందాన్ని తర్వాత కుదించడం కన్నా ఇది మేలనీ అతని వాదన. ఇది సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం పుట్టిన మాట. కానీ ట్యాంకు వీపున వేసుకోబోతున్న మనిషికన్నా దీని అవసరం ఎక్కువున్నవాళ్లు ఎవరో నాకు తోచడం లేదు.

ఉదాహరణకు శనగలో పచ్చ పురుగు. మన ప్రకటనల ధోరణి ఇలా ఉంటుంది: ప్రస్తుత వాతావరణ పరిస్థితుల దృష్ట్యా శనగ పంటనందు పచ్చ పురుగు ఆశించుటకు అనుకూలముగా ఉన్నందున, నివారణకు గాను క్లోరాంట్రానిలిప్రోల్ 0.3 మి.లీ. లీటరు నీటికి కలిపి పిచికారీ చేయవలెను. శాస్త్రం ప్రకారం తప్పేమీ లేదు. కానీ రైతు లీటరు నీటికి మందు కలపడు, ట్యాంకుకు కలుపుతాడు. ట్యాంకు 16 లీటర్లదైతే 4.8 మిల్లీలీటర్లు. ఎకరాకు 200 లీటర్ల నీళ్లనుకుంటే పన్నెండున్నర ట్యాంకులు, మొత్తం 60 మిల్లీలీటర్లు. ఈ లెక్కంతా గట్టు మీద నోటితో కట్టాలి. దశాంశపు చుక్క ఎండలో కనబడకపోతే 0.3 కాస్తా 3 అవుతుంది, మోతాదు పదింతలు. డబ్బాతో వచ్చే కరపత్రం ఇంకో మెట్టు పైన. అక్కడ మోతాదు హెక్టారుకు, అదీ క్రియాశీల పదార్థం ఇన్ని గ్రాములు, మందు ఇన్ని మిల్లీలీటర్లు, నీళ్లు ఇన్ని లీటర్లు అని గడుల్లో ఉంటుంది. ప్రాంతీయ భాషలోనూ ఉండాలని చట్టం చెబితే అక్షరాలు ఆవగింజలంత చేసి ఆ షరతు తీర్చారు. ఆ మొత్తంలో రైతుకు అందుతున్నది ఒక్క రంగుల ముక్కోణమే: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపైతే అన్నిటికన్నా ప్రమాదం. ఆ ముక్కోణాన్ని గీసినవాళ్లు చదివే మనిషిని తలచుకుని గీశారు. కరపత్రం రాసినవాళ్లు తనిఖీ అధికారిని తలచుకుని రాశారు. అదే మందు 60 మిల్లీలీటర్ల సీసాలో అంగట్లో దొరుకుతుంది, సరిగ్గా ఎకరానికి సరిపడా. అమ్మేవాడు రైతు లెక్కను సీసా సైజులోనే ఇమిడ్చేశాడు. సలహా ఇచ్చేవాడు మాత్రం ఇంకా లీటరు దగ్గరే ఉన్నాడు.

ఫోనుకు రాయడమంటే ఆ వాక్యాన్ని పొట్టి చేయడం కాదు, విడగొట్టి వేర్వేరు రోజులకు పంచడం. పత్తిలో గులాబీ రంగు పురుగునే తీసుకుంటే, శాస్త్రవేత్తలు చెప్పే హద్దులు స్పష్టంగా ఉన్నాయి. లింగాకర్షక బుట్టలో రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రోజులు పడినా, నూరు పూలలో పది గుడ్డిపూలు కనిపించినా, నూరు పచ్చి కాయల్లో పది పుచ్చినా మందు కొట్టే సమయం వచ్చినట్టు. ఇది పుస్తకంలో ఒక్క పేరా. ఫోనులో మూడు మెసేజీలు. పూత మొదలయ్యే వారంలో బుట్టలు కట్టమని ఒకటి. తర్వాతి వారం నుంచి ‘పొద్దున బుట్ట చూడండి, ఎనిమిదికి తక్కువై, పూలూ కాయలూ బాగుంటే మందు వద్దు’ అని మరొకటి. హద్దు దాటినవాళ్లకు మాత్రమే మందు పేరు, ట్యాంకు కొలత. మందు వద్దని చెప్పే మెసేజీ మన సలహాల్లో అరుదు. రైతుకు ఎక్కువ డబ్బు మిగిల్చేది మాత్రం అదే. శనగ విత్తన శుద్ధిలోనూ ఇంతే. ముందు తెగులు మందు, తర్వాత పురుగు మందు, చివర రైజోబియం. వరస తప్పితే రైజోబియం బతకదు. ఈ మూడింటినీ ఒకే వాక్యంలో ‘మరియు’లతో గుదిగుచ్చితే వరసే మాయమవుతుంది. ఒకటి, రెండు, మూడు అని అంకెలేసి ఒక్కో వరుసలో ఒక్కో పని పెడితే అక్షరాలు కూడబలుక్కునేవాడికీ అర్థమవుతుంది.

దీనికి శాస్త్రవేత్తల నుంచి వచ్చే అభ్యంతరం బలమైనదే. కుదిస్తే ప్రమాదం, ముక్కు గుడ్డ సంగతి పోతుంది, కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో పోతుంది, రేపేదైనా జరిగితే మీరు చెప్పలేదంటారు అని. ఆ భయం నిజమే. ప్రకటనలు ‘లేదా’ ‘లేదా’ అంటూ మూడు మందుల పేర్లతో సాగేది అందుకే. పొడవాటి వాక్యం రాసినవాడికి రక్షణ కవచం. చేలో ఉన్నవాడికి అది రక్షణ అవుతుందా అన్నదే ప్రశ్న. ముక్కు గుడ్డ మాట నాలుగో పేజీలో ఉన్నా ట్యాంకు నింపేటప్పుడు గుర్తుకు రాకపోతే లేనట్టే. మందు కొట్టే రోజు మెసేజీలో దాన్ని మొదటి వరుసగా పెట్టాలి. ఆగాల్సిన రోజుల సంగతి కోత దగ్గరపడే వారంలో విడిగా రావాలి. ఇక్కడ ఏదీ తీసేయడం లేదు, అవసరమైన గంటకు జరుపుతున్నాం. పూర్తి వివరం కావాలన్నవాడికి మెసేజీ కింద లింకు ఉంటుంది. దాని అవతలి పేజీ కూడా ఫొటో కాకుండా అసలైన అక్షరాల్లో, తేదీతో, పంపినవారి పేరుతో, ఎన్నాళ్లు చెల్లుతుందో చెబుతూ ఉండాలి. తేదీ లేని సలహా ఏడాది తర్వాత వేరే పంటకాలంలో, వేరే జిల్లాలో ఫార్వర్డై తిరుగుతుంది. వాట్సాప్ 2018లో మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది గానీ, పాతబడ్డ మోతాదు తిరగడానికి ఐదు చాలు.

ఇంకో అభ్యంతరం: చదవగలిగేవాళ్లు ఎందరు? 2011 లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గరే, ఆడవాళ్లలో సగం. కాబట్టి రాత వదిలేసి మాట పంపండి, వీడియో పంపండి అంటారు. గుజరాత్‌లో పత్తి రైతులకు ‘ఆవాజ్ ఓటలో’ అనే ఫోను సేవ గొంతుతోనే సలహాలిచ్చింది. షాన్ కోల్, నిలేశ్ ఫెర్నాండో అధ్యయనం ప్రకారం ఆ రైతులు సలహా కోసం పాత దారులను ఆశ్రయించడం తగ్గించి ఫోను వైపు మళ్లారు. గొంతు శక్తిని కాదనలేం, అది రావాల్సిందే. కానీ రెండు సంగతులున్నాయి. విన్నది గాలిలో పోతుంది. మూత తిప్పే క్షణంలో అంకె కంటి ముందు ఉండాలంటే రాతే కావాలి. రెండోది, వీడియోకైనా గొంతుకైనా ముందు ఎవరో ఒకరు రాస్తారు. ‘చేయవలెను’ భాషలో ఉన్న కాగితాన్నే మైకు ముందు చదివితే అది గొంతు మారిన పీడీఎఫ్ మాత్రమే.

చేతి విద్యకు రాతెందుకన్న ప్రశ్నకు ఆళ్లగడ్డ దగ్గరే జవాబు వెతకాలి. ఆళ్లగడ్డ, ఉయ్యాలవాడ వైపు హైబ్రిడ్ పత్తి విత్తనం పండిస్తారు. రేపు విచ్చబోయే మొగ్గను ఈ సాయంత్రం గిల్లి మగ భాగాలు తీసేయడం, మర్నాడు పొద్దున వేరే చెట్టు పుప్పొడి అద్దడం, అంతా కూలీల వేళ్ల నేర్పు. ఆర్గనైజరు నోటితో చెబుతాడు, పక్కనున్నవాళ్లను చూసి నేర్చుకుంటారు. ఏ పుస్తకమూ అక్కర్లేకుండా చాలా ఏళ్లుగా నడుస్తోంది. నిజమే, వేళ్ల పనిని ఫోను నేర్పలేదు. కానీ ఆ చేలోనే ఏ మందు ఎప్పుడు కొట్టారు, కూలీలు మళ్లీ ఎన్ని గంటలకు లోపలికి దిగొచ్చు అన్నది చూసి నేర్చుకునేది కాదు. ఆ సంగతి కూలీ మనిషికి ఎవరూ చెప్పరు. పనితనం నోటిమాటగా పోతుంది, ప్రమాదం నోటిమాటగా పోదు. ఈ రెంటినీ కలిపి ‘మావాళ్లకు అన్నీ తెలుసు’ అనడం సౌకర్యంగా ఉంటుంది, అంతే.

చాట్‌బాట్‌లు వచ్చేశాయి, ఇక రాసేవాళ్లెందుకు అన్నది తాజా అభ్యంతరం. 2025 జనవరిలో ‘మన మిత్ర’తో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. సర్టిఫికెట్టు అడిగినట్టే పురుగు గురించీ అడిగే రోజు దూరంలో లేదు. కృత్రిమ మేధ తెలుగు ఇప్పుడు ధారాళంగా ఉంది. ఇబ్బంది ఆ ధారాళంలోనే ఉంది. హెక్టారు లెక్కల కరపత్రం నుంచి, ఏటిదో తెలియని పీడీఎఫ్ నుంచి తోడుకున్న జవాబైనా అది నమ్మకంగానే చెబుతుంది. దానికి తోడుకోవడానికి ట్యాంకు లెక్కలో, తేదీతో, ప్రాంతం పేరుతో, హద్దులతో రాసిన చిన్న చిన్న తెలుగు ముక్కలు ఉండాలి. యంత్రం వచ్చాక ఆ రాత అవసరం తగ్గదు, పెరుగుతుంది.

వీటన్నిటికన్నా గట్టి పోటీ నంద్యాల మందుల అంగడి నుంచి వస్తుంది. 2003లో జాతీయ నమూనా సర్వే అడిగితే దేశంలో ప్రతి పది మంది రైతుల్లో ఆరుగురికి ఆధునిక సాగు గురించి ఎక్కడి నుంచీ సమాచారం అందలేదు. అందినవాళ్లలో ఎక్కువమంది చెప్పింది తోటి రైతు పేరు, ఆ తర్వాత విత్తనాలు, మందులు అమ్మే అంగడి. ఫోనులొచ్చాక చాలా మారినా కౌంటరు ముందు గుంపు తగ్గలేదు. అంగడివాడు అమ్మకం కోసం చెబుతాడని ఈసడించడం తేలిక. అతను రాసిచ్చే చీటీని ఒక్కసారి సాంకేతిక రచనగా చూడండి. డబ్బా అట్ట మీద పెన్నుతో ‘ట్యాంకుకు ఒక మూత, సాయంత్రం’ అంటాడు. చదివేది ఎవరో తెలుసు, పంట తెలుసు, ట్యాంకు కొలత తెలుసు, ఈరోజే కొడతాడని తెలుసు. పరిశోధన కేంద్రం ప్రకటనలో లేనివన్నీ ఆ చీటీలో ఉన్నాయి. అందులో లేనిది ఒక్కటే, ‘ఈ వారం ఏదీ కొనకండి’ అని చెప్పగలిగే నిస్వార్థం. ప్రభుత్వ మెసేజీ ఆ చీటీ రూపాన్ని నేర్చుకుని, అది చెప్పలేని ఆ మాట కూడా చెప్పగలిగితేనే అంగడి ముందు నిలబడగలదు. నమ్మకం మెల్లగా వస్తుంది. వానొస్తుందన్న రోజున వానొచ్చాక, మందు వద్దన్న చేను బాగున్నాక వస్తుంది.

చివరిది, ఎవరి ఫోనుకు? భూమి పాసుపుస్తకం ఒకరిది, సేద్యం ఇంకొకరిది అయిన చోట మెసేజీ తరచూ హైదరాబాద్‌లోనో బెంగుళూరులోనో మోగుతుంది. కౌలుదారును గుర్తించడానికి 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. ఈ-పంటలో ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారన్నది గ్రామ స్థాయిలో నమోదవుతోంది. బీమాకూ కొనుగోలుకూ అక్కరకొచ్చే ఆ పట్టిక సలహాకూ పనికొస్తుంది. విత్తిన తేదీ తెలిస్తే పురుగు ఏ వారంలో చూడాలో లెక్క కట్టొచ్చు. అక్టోబరు చివర కోవెలకుంట్ల వైపు విత్తిన శనగకు నలభై రోజులు నిండేది డిసెంబరు మొదటి వారంలో. ఆ వారం ఆ నంబర్లకు పోవాల్సిన రెండు వాక్యాలను వేసవిలోనే రాసిపెట్టొచ్చు. ఆళ్లగడ్డ మార్కెట్ యార్డులో పదిమంది చేత చదివించి, నీళ్ల బకెట్టూ కొలమూతా చేతికిచ్చి ఎంత పోస్తారో చూడొచ్చు. ఇద్దరు ఎక్కువ పోస్తే వాక్యం మార్చి మళ్లీ చూడొచ్చు. కొత్త యాప్ అక్కర్లేదు. నంద్యాల కేంద్రంలో ఒక బల్ల, ఒక కీటక శాస్త్రవేత్త, ఒక సేద్య శాస్త్రవేత్త, తెలుగు రాయడమే పనిగా ఉన్న ఒక మనిషి చాలు. మొదటి ఇద్దరూ అక్కడే ఉన్నారు. మూడోవారి జీతం ఏ పద్దు కింద రాయాలో తేలాల్సి ఉంది.